బండి సోకు వేరు, బండి హునర్ వేరు

మన మొహల్లాల్లో ఇద్దరు పిల్లగాండ్లు కనిపిస్తరు. ఒకడు పొద్దుగాల ఎనిమిదింటికి షెడ్డుకు పోతడు. నేల మీద గోనెసంచి పరుచుకొని ట్రాక్టర్ కింద దూరుతడు. హైడ్రాలిక్ లిఫ్ట్ బరువు ఎత్తుతలేదంటే పంపు చెడిందా, సీలు పోయిందా, నూనెలో నీళ్లు కలిసినయా అని ఒక్కొక్కటి చూసి తేలుస్తడు. మగ్రిబ్ దాటినంక నల్లటి చేతులతోటి ఇంటికొస్తడు. ఇంకొకడు, అన్న గల్ఫ్ నుంచి పంపిన పైసలతోటి పాత జీపు కొంటడు. దానికి ఇంతెత్తు టైర్లు, ముందట ఇనుప బంపర్, నెత్తిన లైట్ల పట్టీ పెట్టించి చెరువు కట్ట మీద వీడియో తీసి పెడుతడు. రిష్తా మాట వచ్చినప్పుడు మొదటోని గురించి మన ఖాలాలు, ఫుప్పులు ఏమంటరో మీకు తెలుసు. "మెకానికా? ఇంకేదన్నా చూద్దాం లే." రెండోని గురించి, "లడ్కా జర షోకీన్ హై, పర్ అచ్ఛా హై."

ఈ రెండు మాటల మీదనే నాకు గుస్సా. షోకీన్ పిల్లగాని మీద కాదు, వాని వయసు అట్లాంటిది. పెద్దోళ్ల మీద. హునర్‌ను చిన్నచూపు చూసి సోకును మెచ్చుకుంటే హునర్ ఉన్నోడు ఏం చేస్తడు? ఇంట్ల నలుగురు ఉంటరు, రోజీ కావాలె. పంపు మరమ్మతుకు ఐదొందలు ఇయ్యడానికి బేరమాడే మనిషి, లైట్ల పట్టీకి ఐదు వేలు మాట్లాడకుండ ఇస్తున్నడు. అయితే ఆ ఉస్తాద్ కూడా లైట్ల పట్టీలే అమ్ముతడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెయిన్ రోడ్ల మీద చూడండి. మరమ్మతు షెడ్డు గల్లీ లోపలికి జరుగుతున్నది, సోకుల దుకాణం ముందటికి వస్తున్నది.

ఆఫ్‌రోడ్ బండి అంటే మన పిల్లలకు లద్దాఖ్ రోడ్లు, రంగు రంగుల థార్‌లు గుర్తొస్తయి. మన రెండు పాత జిల్లాల్లో ఆఫ్‌రోడ్ బండి అంటే మొదట ట్రాక్టర్. దాని తర్వాత జీపు. తారురోడ్డు మీద అది నడిచేది పొద్దుకు గంటో రెండు గంటలో. మిగిలినదంతా చెల్క, రేగడి, వరి మడి, గుట్ట, వాగు. ఆ నేలల కోసం ఏ కంపెనీ అయినా ఒక్కటే బండి తయారు చేస్తది. పంజాబ్ గోధుమ చేనుకు, మన నాగర్‌కర్నూల్ రాళ్ల చెల్కకు, మిర్యాలగూడ ఊబి మడికి అదే బండి. మిగిలిన ఫరక్‌ను ఎవరు పూడ్చిండ్రు? మన షెడ్లోల్లు.

ఒక మిసాల్ చెప్తా. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేసిండ్రు. 1967లో కాల్వలకు నీళ్లొదిలిండ్రు. ఎడమ కాల్వ కింద హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా వరి పరుచుకున్నది. వరి అంటే దమ్ము చెయ్యాలె. మోకాలు లోతు బురదలో రబ్బరు టైరు ఉన్న చోటనే గిర్రున తిరుగుతది. ముందుకు పోదు. దానికి జవాబు ఇనుప పట్టీల చక్రం. రైతులు కేజీ వీల్స్ అంటరు. తూకం కేజీ కాదు అది, ఇంగ్లీషు కేజ్, అంటే పంజరం. రబ్బరు టైరుకు పక్కన బిగించే సగం చక్రం ఒకటి, టైరు తీసేసి మొత్తంగా పెట్టేది ఇంకొకటి. ఎన్ని పట్టీలు ఉండాలె, ఎంత కోణంలో వంచాలె, యాంగిల్ ఇనుము ఎంత మందం ఉండాలె అన్నది నేలను బట్టి, ఇంజన్ తాకత్‌ను బట్టి మారుతది. పట్టీలు మరీ దగ్గరగా ఉంటే మధ్యల మట్టి ఇరుక్కుని చక్రం కాస్తా బురద డ్రమ్ము అయితది. మరీ దూరం ఉంటే బండి గుంతలో పడ్డట్టు ఎగిరెగిరి పడుతది, ఆ దెబ్బ గేర్ల మీద పోతది. చక్రం ఎంత బయటికి జరిగితే యాక్సిల్ మీద, హబ్ బోల్టుల మీద అంత లాగుడు పడుతది. ఆ లెక్క వెల్డింగ్ షాపుల గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంటది. దాన్ని ఇల్మ్ అనకపోతే ఇంక దేన్ని అంటరు?

పాలమూరు దిక్కు పోతే ఇంకో రకం. అక్కడ నేల కింద గ్రానైట్ రాయి. బావి తవ్వాలన్నా, ఇంటికి పునాది తియ్యాలన్నా రాయికి రంధ్రం వెయ్యాలె. అందుకే ట్రాక్టర్ ఎనుక కంప్రెషర్ బిగించిండ్రు. అదే ఇంజన్, అదే డీజిల్, కాకపోతే దుక్కి దున్నే తాకత్ గాలి ఒత్తిడిగా మారి పైపుల నుంచి డ్రిల్లుకు పోతది. దేశంల ఎక్కడ డ్యాం కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు కూలీలు పోయిండ్రని అందరికీ తెలుసు. ఆ చేతుల ఎనుక బండిని నడిపించిన మిస్త్రీల సంగతి మాత్రం ఎవ్వరూ రాయలేదు.

ఇగ జీపు ముచ్చట. మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను మన దేశంల బిగించుడు 1940ల చివర్ల మొదలుపెట్టిండ్రు. తర్వాత ఎన్నో ఏండ్లు సర్కారు ఆఫీసుల్లో, పోలీసుల్లో, ఫౌజ్‌లో అవే. పాతబడ్డంక వేలం వేస్తరు. వేలంల కొన్నోనికి బండి సస్తాగా దొరుకుతది గానీ పెట్రోల్ ఇంజన్ తాగుడు తట్టుకోలేడు. కాబట్టి మన ఉస్తాద్‌లు డీజిల్ ఇంజన్ దించి బిగించిండ్రు. మహీంద్రా జీపులకే తర్వాత వచ్చిన ప్యూజో డీజిల్ ఇంజన్, కాకపోతే ఇంకోటి. వినడానికి అల్కగ ఉంటది. పాత గేర్ బాక్స్ మూతికి కొత్త ఇంజన్ మూతి కలవదు. మధ్యల మందపాటి పలక ఒకటి లేత్ మీద తీయించాలె. ఇంజన్ నడిమి గీత, గేర్ బాక్స్ నడిమి గీత ఒక్కటి కావాలె. వెంట్రుక మందం తేడా వచ్చినా క్లచ్ అరుగుతది, బేరింగ్ అరుస్తది, ఆరు నెలలల్ల షాఫ్ట్ పోతది. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ కాబట్టి ముందట కమాన్ కట్టలు మార్చాలె. అన్నిటికంటె పెద్దది ఇంకోటి ఉన్నది. పెట్రోల్ ఇంజన్ గాలి పీల్చేటప్పుడు వ్యాక్యూమ్ పుడుతది. బ్రేక్ బూస్టర్ ఉన్న బండికి ఆ వ్యాక్యూమే ఆధారం. డీజిల్ ఇంజన్‌కు అది పుట్టదు. ఆల్టర్నేటర్‌కు వ్యాక్యూమ్ పంపు ఉన్నది చూసి పెట్టకపోతే బ్రేక్ పెడల్ రాయిలెక్క గట్టిపడుతది. ఈ సంగతి తెలిసిన ఉస్తాద్ బిగించిన జీపు ఇరవై ఏండ్లు నడిచింది. తెలియనోడు బిగించింది మొదటి దిగుట్లనే పోయింది.

ఇక్కడ ఒక మాట. మహీంద్రా వాళ్లు కూడా తమ బీ-275 ట్రాక్టర్ ఇంజన్‌నే తెచ్చి కొన్ని జీపులల్ల పెట్టిండ్రు. కంపెనీ చేస్తే అది ఇంజినీరింగ్. అదే పని దేవరకొండ రోడ్డు మీద మన చాచా చేస్తే జుగాడ్. ఈ "జుగాడ్" అన్న లఫ్జ్‌ను మెచ్చుకోలుగా వాడేటోళ్లున్నరు, పెద్ద పెద్ద సెమినార్లల్ల. నాకు అది మెచ్చుకోలుగా వినపడదు. చదువుకోనోని తెలివికి పెట్టిన చిన్న పేరు అది.

ఇంతవరకు మన ఉస్తాద్‌ల తరఫున వకాలత్ చేసిన. ఇప్పుడు సోకు సంగతి. కోపం తెచ్చుకోకుండ లెక్క చూడండి.

జీపుకు కంపెనీ ఇచ్చిన టైరు నిలువు 28 అంగుళాలు అనుకుందాం. మన షోకీన్ 31 అంగుళాలది ఎక్కిస్తడు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటికంటె పదకొండు శాతం దాకా ఎక్కువ దూరం పోతది. మీటర్‌కు అది తెల్వదు. మీటర్‌ల 60 చూపిస్తుంటే బండి 66 మీద ఉంటది. బ్రేకులు మాత్రం పాతవే. పెద్ద చక్రాన్ని ఆపడానికి అదే డ్రమ్ము, అదే లైనర్ ఇంకింత కష్టపడాలె. పికప్ తగ్గుతది, వాడు ఇంకా గట్టిగ తొక్కుతడు. టైరు లోపల తాకుతున్నదని బాడీని పైకి లేపుతరు. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి క్రాస్ జాయింట్లు వణుకుతయి. బ్రేక్ హోసు పొడవు చాలక, చక్రం కిందికి జారినప్పుడల్లా లాగుకుంటది. బండి నడుము ఎత్తు పెరిగింది కాబట్టి మలుపుల మీద ఒరుగుతది. ఇవన్నీ సరిచేస్తూ పోతే అది పనే. ఎవ్వడూ చెయ్యడు. టైరు కనపడుతది, హోసు కనపడదు.

లైట్లు. మామూలు హెడ్‌లైట్ బల్బు 60 వాట్లు. రెండు కలిస్తే 120. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద పది ఆంపియర్లు. వాటిని తీసి వంద వాట్లవి పెడితే పదిహేడు ఆంపియర్ల దాకా అదే సన్నటి వైరు నుంచి, అదే స్విచ్చు నుంచి పోవాలె. రిలే లేదు, వేరే ఫ్యూజు లేదు. వైరు మీది రబ్బరు మెత్తబడి, కరిగి, ఒకరోజు డ్యాష్‌బోర్డ్ ఎనుక పొగ వస్తది. ఇగ ఎదురుంగ వచ్చే మోటర్‌సైకిల్ మనిషి కండ్లకు ఏమైతదో చెప్పనవసరం లేదు.

ముందట ఇనుప బంపర్ చూసి మన ఆడోళ్లు కూడా "హిఫాజత్ ఉంటది" అనుకుంటరు. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలిగి ఆ దెబ్బను మింగాలె అని కంపెనీ దాన్ని అట్ల తయారు చేసింది. ఇనుప బంపర్ నేరుగా చట్రానికి బిగిస్తే ఆ దెబ్బ మింగేది ఉండదు, లోపల కూసున్నోల్ల మెడ మీదికి వస్తది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లల్ల సెన్సర్ లెక్క తప్పుతది. ఎదురుంగ ఉన్నది నడిచిపోయే మనిషి అయితే వాని ఖిస్మత్. 2017 డిసెంబర్‌ల కేంద్ర రవాణా శాఖ ఈ బంపర్లు ఖానూన్‌కు ఖిలాఫ్ అని, చర్య తీసుకోండని రాష్ట్రాలకు రాసింది. అయినా దుకాణాలు నడుస్తనే ఉన్నయి.

సరే, సోకు పిల్లలను అంటున్న గదా, మన ఉస్తాద్‌లు పాక్ సాఫా? కాదు. ఇది చెప్పకపోతే నేను రాసిందంతా వకీలు వాదన అయితది.

మన ఉస్తాద్-షాగిర్ద్ రివాజ్‌ల ఒక బీమారి ఉన్నది. ఎట్ల చెయ్యాల్నో చూపిస్తరు, ఎందుకు చెయ్యాల్నో చెప్పరు. షాగిర్ద్ "క్యోఁ ఉస్తాద్?" అని అడిగితే పానా నెత్తి మీద పడుతది. కొందరు ఉస్తాద్‌లకు వాళ్ల ఉస్తాద్ కూడా చెప్పలేదు, కాబట్టి తెల్వదు. కొందరికి తెలుసు గానీ చెప్తే పోరడు ఎదురుంగనే ఇంకో షెడ్డు పెడుతడని డర్. ఫలితం ఏందంటే ఒక తరం కష్టపడి తెలుసుకున్నది ఖబర్‌స్తాన్‌కు పోతది. తర్వాతి తరం మళ్లా మొదటి నుంచి, ఈసారి ఎవరిదన్న చెయ్యి తెగ్గొట్టుకుని నేర్చుకుంటది.

ఈ "ఎందుకు" అన్నది ఎంత పెద్దదో దమ్ము మడిలో చూడండి. ట్రాక్టర్ దిగబడ్డది. వెనుక చక్రాలు కదుల్తలేవు. ఊర్లల్ల చేసే తర్కీబ్ ఏంది? వెనుక రెండు చక్రాలకు అడ్డంగా ఒక మొద్దు కట్టి, గేరు వేసి లేపుడు. పది సార్లు బండి బయటికి వస్తది. పదకొండోసారి మొద్దు బురదలో బిగుసుకుంటది. చక్రం తిరగదు. ఇంజన్ తాకత్ మాత్రం ఆగదు. చక్రాన్ని తిప్పలేని తాకత్ బండిని తిప్పుతది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తయి. ముందు లేవడం మొదలైనంక ట్రాక్టర్ మొత్తం వెనక్కి తిరగబడటానికి పట్టేది ఇంచుమించు ఒకటిన్నర సెకను. డ్రైవర్‌కు క్లచ్ తొక్కాలని తోచేలోపల స్టీరింగ్ వాని ఛాతీ మీద ఉంటది. బరువును లాగేటప్పుడు గొలుసు కింద డ్రా బార్‌కు కాకుండ పైన టాప్ లింక్ దగ్గర కట్టినా ఇదే అయితది. గొలుసు యాక్సిల్ కంటె పైన ఉన్నది కాబట్టి లాగినకొద్దీ ముందటి భాగం లేస్తది. ఈ రెండు సంగతులు చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. ఎంతమంది షాగిర్ద్‌లకు, డ్రైవర్లకు చెప్పిండ్రు?

షెడ్లల్ల ట్రాక్టర్‌కు రేకు టాప్ తయారు చేసి అమ్ముతరు. ఎండకు నీడ, మంచిదే. కొన్నోడు మాత్రం బోల్తా పడితే అది కాపాడుతదనుకుంటడు. సన్నటి పైపు, పైన రేకు. మూడు టన్నుల బండి మీద పడితే పాపడ్ లెక్క నలుగుతది. బోల్తాను తట్టుకునే ఇనుప చట్రం వేరే. దానికి బెల్టు కూడా ఉండాలె. స్వీడన్‌ల 1959 సంది కొత్త ట్రాక్టర్లకు ఆ చట్రం తప్పనిసరి చేసిండ్రు, బోల్తా చావులు బాగా తగ్గినయి. మన ఉస్తాద్ దగ్గర దాన్ని బిగించే హునర్ ఉన్నది. అడిగే గిరాకీ లేడు.

పీటీఓ షాఫ్ట్ మీది మూత కూడా అట్లనే. గ్రీజు కొట్టేటప్పుడు అడ్డం వస్తున్నదని తీసి మూలకు పడేస్తరు. ఆ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతది. సెకనుకు తొమ్మిది. పక్కన పనిచేసే మన ఆపా దుపట్టా కొస గానీ, కూలీ అమ్మ చీర కొంగు గానీ దానికి తగిలిందంటే గుంజుకునే టైమ్ కూడా ఉండదు. మూత తీసుడు కూడా ఒక మాడిఫికేషనే. అన్నిటికంటె సస్తా మాడిఫికేషన్, అన్నిటికంటె మహంగా.

ట్రాలీల గురించి మాట్లాడాలంటే చెయ్యి వణుకుతది. 2018 ఏప్రిల్‌ల పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర, మిరప ఏరడానికి పోతున్న ఆడకూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాల్వల పడ్డది. తొమ్మిదిమంది పోయిండ్రు. అదే ఏడు జూన్‌ల యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాల్వల ఇంకో ట్రాక్టర్. పదిహేను మంది. కారణాలు ఏమైనా గానీ, ట్రాలీ మనుషుల బండి కాదు. దానికి సీట్లు లేవు, పట్టుకునేదానికి ఏం లేదు, మస్తు ట్రాలీలకు బ్రేకులు కూడా లేవు. దిగుట్ల నిండు ట్రాలీ ట్రాక్టర్‌ను ఎనుక నుంచి నెడుతది. పైగా డీజిల్ మిగుల్తదని డ్రైవర్ న్యూట్రల్ చేస్తడు. ట్రాలీకి పక్కలు ఎత్తుగా వెల్డింగ్ చేసి ఇయ్యమని వచ్చే ఓనర్‌ను, "బ్రేకు ఏది?" అని అడిగే హక్కు మన వెల్డర్‌కు ఉన్నది. అడగాలె. బండి మన షెడ్డుల ఉన్నంతసేపు అది మన చేతుల అమానత్. పైసలిచ్చిండు గదా, ఏది చెప్తే అది చేస్త అనుడు ఖియానత్ కాదా?

ఇగ ఖానూన్. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు లెక్కలకు, రిజిస్ట్రేషన్ కాగితంల రాసినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరి 9న కేరళ కేసుల సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగ చెప్పింది. రంగు, చిన్న చిన్న బిగింపులు సరే. అదే రకం ఇంజన్ పర్మిషన్‌తోటి మార్చుకోవచ్చు. కంపెనీ అసలు రూపాన్ని మార్చొద్దు. అదే ఏడు సవరణలో సెక్షన్ 182-ఎ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా ఖైద్, లేదంటే రెండూ.

కోర్టు చెప్పినదాంట్ల ఇన్సాఫ్ లేదని నేను అనను. కంపెనీ బండిని పరీక్ష చేయించినంకనే అమ్ముతది, మన మార్పులను ఎవ్వరూ పరీక్ష చెయ్యలేదు. అది నిజం. కానీ అదే 2019 సవరణల ఇంకో దర్వాజా కూడా తెరిచిండ్రు. కాళ్లు చేతులు సరిగ లేని మనిషి తన బండిని తన ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు, ఆర్టీఏ మంజూరీ తీసుకోవాలె. అంటే మనిషి ఒళ్లు కంపెనీ లెక్కకు సరిపోకపోతే బండినే మార్చాలని ఖానూన్ ఒప్పుకున్నది. పోలియో వచ్చిన భాయ్‌ల స్కూటర్లకు పక్క చక్రాలు పెట్టి ఇచ్చింది ఎవరు? మన మిస్త్రీలే, ఆ సవరణకు ఎన్నో ఏండ్ల ముందట. మరి నేల కంపెనీ లెక్కకు సరిపోకపోతే? ట్రాలీకి బ్రేకు పెట్టించుకున్నోడు, బోల్తా చట్రం బిగించుకున్నోడు ఆర్టీఏ ఆఫీసుకు పోయి ఇన్‌స్పెక్టర్‌కు చూపించి ముద్ర వేయించుకునే సీదా రాస్తా ఉండాలె. జరూరత్ మార్పుకు, సోకు మార్పుకు ఫరక్ చూడని ఖానూన్ కింద రెండూ దొంగచాటుగనే జరుగుతయి. దొంగచాటుగ జరిగే పని ఎప్పుడూ మంచిగ జరగదు.

పోలీసు ఆపేది కూడా ఎవర్ని? కేజీ వీల్స్ తోటి తారురోడ్డు ఎక్కిన రైతును ఆపుతరు. ఆపాలె, రోడ్డు చెక్కుకపోతున్నది. ట్రాలీ మీద వేసుకుని పొలం కాడ బిగించుకోవాలె. కానీ ఇనుప బంపర్ల పెద్ద బండి మీద లీడర్ స్టిక్కర్ ఉంటే సలాం కొట్టి పంపుతరు.

కంపెనీల సంగతి ఇంకో తమాషా. 2020 ఏప్రిల్ నుంచి బండ్లన్నీ బీఎస్-6. 2023 సంది యాభై హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కూడా కొత్త పొగ నియమాలు వచ్చినయి. పాత డీజిల్ పంపును మన ఉస్తాద్ చెవితోటి విని సరిచేసేటోడు. ఇప్పుడు ఈసీయూ అనే డబ్బా ఉన్నది. ఇంజన్ ఎందుకు ఆగిందో అది స్కానర్‌కే చెప్తది, ఆ స్కానర్ షోరూమ్‌ల ఉంటది. ఇదేదో మన ఒక్కల బాధ కాదు. అమెరికాల జాన్ డీర్ ట్రాక్టర్ల రైతులు ఇదే జగ్డా పెట్టుకున్నరు. 2023ల కొలరాడో రాష్ట్రం రైతు తన యంత్రాన్ని తానే మరమ్మతు చేసుకునే హక్కుకు ఖానూన్ చేసింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైల కమిటీ వేసి, డిసెంబర్ 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మోటారు బండ్లు అందుల ఉన్నయి. పోర్టల్ మంచిదే, ఖానూన్ మాత్రం ఇంకా కాదు. దాంట్ల ఉన్న కాగితాలు ఇంగ్లీషుల ఉంటే చదివేది ఎవరు? చదవగలిగినోడు షెడ్డుకు రాడు. షెడ్డుల ఉన్నోడు చదవలేడు.

ఇక్కడికే రావాలని ఇంతసేపు తిరిగిన. ఇంట్ల బీటెక్ మెకానికల్ చదివిన పిల్లగాడు ఉంటడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివిండు, మూడేండ్ల సంది నౌకరీ కోసం హైదరాబాద్‌ల రూమ్ కిరాయి కడుతున్నడు. అదే ఇంట్ల వాని చాచా ముప్పై ఏండ్ల సంది ఇంజన్లు విప్పుతున్నడు. ఒకనికి "ఎందుకు" తెలుసు, పానా ఎట్ల పట్టాల్నో తెల్వదు. ఇంకొకనికి పానా తెలుసు, ఎందుకో నోటితోటి చెప్పరాదు. దస్తర్‌ఖాన్ మీద ఇద్దరూ ఎదురెదురుంగ కూసుంటరు. ఇద్దరి మధ్యల ఒక్క ముచ్చట ఉండదు. ఎందుకంటే అమ్మీజాన్ మొదటి నుంచి చెప్పింది గదా, "పఢ్ బేటా, నహీఁ తో చాచాకే జైసా హోతా." ఆ ఒక్క మాట మన కౌమ్‌కు ఎంత నఖ్సాన్ చేసిందో సచ్చర్ కమిటీ కూడా లెక్క వెయ్యలేదు. మన ముసల్మాన్‌లల్ల సొంత పని, బండ్ల మరమ్మతు చేసుకుని బతికేటోళ్లు ఎక్కువని 2006ల ఆ రిపోర్ట్ చెప్పింది. దాన్ని మనం పేదరికం లెక్కగ మాత్రమే చదివినం. చేతుల పూంజీ ఎంత ఉన్నదో అట్ల చదవలేదు.

"మా వాడు మెకానిక్ అయితే రిష్తా ఎట్ల?" అని అడుగుతరు. వనపర్తి రాజా ప్యాలెస్‌ల నడుస్తున్న పాలిటెక్నిక్‌ల చదివినోనికి రిష్తా వస్తది గదా? ఐటీఐల డీజిల్ మెకానిక్ ఒక్క ఏడాది కోర్సు, ట్రాక్టర్ మెకానిక్ కూడా ఉన్నది. ఇరవై ఏండ్లు పనిచేసిన ఉస్తాద్‌కు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పథకం సర్కారుదే. పాతపనిని గుర్తించుడు అని దాని మత్లబ్. సర్టిఫికెట్ ఉంటే బ్యాంకుల లోన్ మాట మాట్లాడొచ్చు, స్కానర్ కొనొచ్చు. మన మస్జిద్ కమిటీలు, వెల్ఫేర్ సొసైటీలు ఏటా మెరిట్ స్టూడెంట్లకు శాలువా కప్పుతరు. ఒక్క ఏడు అన్నా ఒక్క పాత మిస్త్రీకి కప్పిండ్రా? శాలువా సంగతి పోనీ. ఆర్‌పీఎల్ ఫారం నింపి పెట్టే ఒక చదువుకున్న పోరన్ని అయినా జుమ్మా తర్వాత గంటసేపు కూసోబెట్టిండ్రా?

యాసంగి దమ్ము మొదలయ్యేలోపల ఒక పని చెయ్యొచ్చు. ఆ బీటెక్ పిల్లగాడు ఒక నోట్‌బుక్ పట్టుకుని చాచా షెడ్డుల కూసోవాలె. చాచా చెప్పేది తెలుగులనో ఉర్దూలనో రాయాలె, ఎందుకు అన్నది తాను కలిపి రాయాలె. తెల్వకపోతే ఇద్దరూ కలిసి విప్పి చూడాలె. మొదటి పేజీ నేను చెప్తా. ట్రాక్టర్‌కు బ్రేక్ పెడళ్లు రెండు ఉంటయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంల మూల తిప్పుకోవడానికి అట్ల పెట్టిండ్రు. రోడ్డు ఎక్కేటప్పుడు రెండింటినీ కలిపే చిన్న పట్టీ ఉంటది. అది లేకుండ స్పీడు మీద ఒక్క పెడల్ తొక్కితే ఒక్క చక్రమే ఆగుతది, బండి గిర్రున తిరిగి బోల్తా కొడుతది. మీ ఊర్ల ట్రాక్టర్లు చూడండి, మస్తు బండ్లకు ఆ పట్టీ విరిగిపోయి ఉంటది, ఓనర్‌కు అది ఉండేదనే యాద్ ఉండదు. పాత కమాన్ పట్టీ ముక్క, ఒక రంధ్రం, ఒక బోల్టు. చాచాకు పావుగంట పని.